రెండు కుర్చీల క్లాసు

చిన్నకోడలు వంటింట్లోకి వచ్చేసరికి అలమరలో సగం సామాను నేల మీదికి దిగి ఉంది. డబ్బాలు, గిన్నెలు, గరిటెలు, టీ వడకట్టే జల్లెడ, అన్నీ ఓ వారగా పేర్చి ఉన్నాయి. పెద్దకోడలు స్టూలెక్కి ఖాళీ అయిన అరను తడిగుడ్డతో తుడుస్తోంది. తుడవడమంటే తుడవడం కాదు, కసి తీర్చుకోవడం.

“ఏంటక్కా ఇది?”

“కనబడటం లేదా? నీవి నీకు, నావి నాకు.”

“మరి పొయ్యి?”

“రెండు బర్నర్లున్నాయిగా. కిటికీ వైపుది నీది.”

“అది సరిగ్గా వెలగదు కదా.”

“తెలుసు.”

అత్తగారు కూతురింటికి వెళ్ళారు. ఆవిడే ఉంటే ఇద్దరినీ చెరో చెవీ పట్టుకుని కూర్చోబెట్టేవారు. ఆవిడ లేని అదను చూసుకుని మరీ వస్తాయి ఈ ఇంటికి గొడవలు. ఇన్నేళ్ళుగా ఒక్క పొయ్యి మీద నడిచిన సంసారం, అన్నదమ్ములిద్దరూ ఇంకా మొహాలైనా కడుక్కోకముందే రెండు ముక్కలైంది.

“నేనేం తప్పు చేశానో అది చెప్పక్కా ముందు.”

పెద్దకోడలు స్టూలు దిగి, గుడ్డ పిండి, సింకులో పడేసింది.

“ఆయన నిన్నటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పలకరిస్తే గోడకేసి చూస్తున్నారు. నాతో కూడా మాట్లాడటం లేదు, నేనేదో చేసినట్టు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన క్లాసులో ఈగ వాలినా వినబడేది. నిన్న క్లాసంతా పగలబడి నవ్విందట. ఎవరి వల్ల?”

“వాళ్ళు నవ్వింది నన్ను చూసి. ఆయన్ని చూసి కాదు.”

“ఆయన ముందు నవ్వారు. ఎవర్ని చూసి నవ్వితే ఏం?”

చిన్నకోడలు కిందికి వంగింది. తన వాటా గిన్నెలు ఏరుకోవడం మొదలుపెట్టింది. పగుళ్ళిచ్చిన కప్పులన్నీ తన వాటాకే వచ్చాయని గమనించింది గానీ ఆ మాట పైకి అనలేదు.

జరిగినదాన్ని జరిగినట్టు చెప్పుకుంటే పట్టుమని అయిదు నిమిషాల వ్యవహారం.

యూనివర్సిటీలో ఈ ఏడు ఓ కొత్త ప్రయోగం మొదలైంది. పిల్లలు కష్టపడి స్పానిష్ నేర్చుకోవడం, పరీక్ష పాసవడం, ఆ మర్నాడే దాన్ని అటకెక్కించడం మామూలైపోయింది. అందుకని ఎవరి సబ్జెక్టులో వాళ్ళు ఆ భాషను వాడేలా వారానికో గంట కలిపారు. నర్సింగ్ పిల్లలు రోగులతో మాట్లాడతారు. కామర్స్ వాళ్ళు ఒప్పందాలు చదువుతారు. చరిత్ర వాళ్ళు పాత పేపర్లు తిరగేస్తారు. ఆనకట్టల గురించి చదివే ఇంజనీరింగు పిల్లలు, ఆ దేశాల కట్టల గురించి ఆ దేశాలవాళ్ళు రాసుకున్నదే చదువుతారు.

క్లాసులో రెండు కుర్చీలు. ఒకదాంట్లో సబ్జెక్టు మేష్టారు, రెండోదాంట్లో స్పానిష్ మేడం. పిల్లలు సరిగ్గా చదివారా లేదా అన్నది మేడం చెప్పాలి. చదివినదానికి విలువెంత అన్నది మేష్టారు తేల్చాలి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. పేరు ఏం పెట్టారో గానీ, అందరూ దీన్ని రెండు కుర్చీల క్లాసనే అంటారు.

నాలుగు క్లాసుల్లోనూ స్పానిష్ మేడం మన చిన్నకోడలే. ఆనకట్టల పాఠం చెప్పే ప్రొఫెసరు ఆమె బావగారు, అంటే ఈ పెద్దకోడలి భర్త. ఇంట్లో ఆయన ఎదురొస్తే గోడకు అతుక్కుని దారిచ్చే మనిషి, క్లాసులో ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఏ పుణ్యాత్ముడు వేశాడో ఆ టైంటేబులు.

ప్రొఫెసరుగారు రాసిన పుస్తకమే పిల్లలకు పాఠ్యపుస్తకం. అందులో ఏడో పాఠం, స్పానిష్ మాట్లాడే ఓ దేశంలో కొట్టుకుపోయిన ఆనకట్ట గురించి. కనీవినీ ఎరగని వాన పడిందనీ, కట్ట ఎత్తు చాలలేదనీ ఆయన రాశారు. నిన్న క్లాసులో పొడుగబ్బాయి లేచి నిలబడ్డాడు. అతనికి ఆ పేరు పెట్టింది ప్రొఫెసరుగారే.

“సార్, అక్కడి విచారణలో డ్యూటీ ఇంజనీరు వేరేలా చెప్పాడండీ. అంతకుముందు ఏడాది ఇంకా పెద్ద వాన పడినా కట్ట తట్టుకుందట. నీళ్ళు పెరుగుతున్నాయి, గేట్లెత్తమంటారా అని పై ఆఫీసరుకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడట. నేనొచ్చి చూసేదాకా ఆగు అన్నాడట ఆయన. ఆయన వచ్చేలోపు కట్ట తెగిందట.”

ప్రొఫెసరుగారు చిరునవ్వు నవ్వారు. “రెండు ముక్కలు స్పానిష్ వచ్చినవాళ్ళంతా విచారణ రిపోర్టులు చదివేస్తే మేం ఇళ్ళకు పోవచ్చు. నువ్వు చదవడమే తప్పు చదివావు. కావాలంటే మేడం చెప్తారు” అని పక్కకు తిరిగారు.

ఇంట్లో ఆయన అలా తిరిగినప్పుడల్లా ఆమె ‘అలాగే బావగారూ’ అని తప్ప ఇంకోమాట అని ఎరగదు. ఆ రోజు నోరు అలవాటుకొద్దీ సగం దూరం వెళ్ళింది. మిగతా సగానికి మనసు అడ్డం పడింది.

“లేదు బావగారూ, సరిగ్గానే చదివారు” అంది.

క్లాసు గొల్లుమంది. సార్ అనాల్సిన చోట బావగారూ అన్నందుకే నవ్వారు. ఆనకట్ట సంగతి ఆ నవ్వులో ఎవరికీ గుర్తు లేదు, ఒక్క ప్రొఫెసరుగారికి తప్ప.

వంటింటి గుమ్మంలో చప్పుడైతే ఇద్దరూ తలెత్తారు. పెద్దకోడలి కూతురు. చిన్నప్పుడు ఇంట్లో ఏం జరిగినా వీధి వీధంతా చెప్పి వచ్చేదని అందరూ టముకు అని పిలుస్తారు. ఆ పేరు పెట్టించుకున్న పిల్ల నిన్నటి నుంచి నోరు విప్పలేదు. తండ్రి క్లాసులోనే చదువుతోంది. నిన్న అక్కడే, మూడో బెంచీలో ఉంది.

“టముకూ, టీ తాగుతావా?” అంది చిన్నకోడలు.

“దానికి టీ నేనిస్తాను” అంది పెద్దకోడలు.

టముకు నీళ్ళసీసా తీసుకుని, పిన్ని వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆ చూడకపోవడం ఎందుకో ఇంట్లో పిన్ని ఒక్కదానికే తెలుసు. ఆ ఇంజనీరు వాంగ్మూలాన్ని మొదట చదివింది పొడుగబ్బాయి కాదు. పోయిన వారం మేడ మీద గదిలో పిన్ని పక్కన బాసింపట్టు వేసుకుని, వేలితో ఒక్కో వాక్యం దాటుకుంటూ చదివింది టముకే. “నేను చదివింది సరేనా పిన్నీ” అని మళ్ళీ మళ్ళీ అడిగింది. సరేనంటే ఎగిరి గంతేసింది. “మరి క్లాసులో నువ్వే అడుగు” అంటే మాత్రం “నాన్ననా? బాబోయ్” అని లేచిపోయింది. ఆ తర్వాత ఆ కాగితాలు టముకు దగ్గర్నుంచి పొడుగబ్బాయి చేతికి ఎలా వెళ్ళాయో చెప్పక్కర్లేదు.

*

భాషా కేంద్రంలో డైరెక్టరుగారు కాగితం ముందే టైపు చేయించి పెట్టుకున్నారు. ఆయన ఫ్రెంచి చెప్తారు. ఏ భాషలోనైనా ‘కాదు’ అనకుండా సర్వీసంతా గడిపిన మనిషని ఆయనకు పేరు.

“చూడమ్మా, పెద్దగా ఏం లేదు. విద్యార్థులు తొందరపాటుతో తప్పు చదివారు, ఆ గందరగోళంలో నేను కూడా సరే అన్నాను. అంతే. కింద సంతకం.”

“వాళ్ళు తప్పు చదవలేదు సార్.”

“చదవలేదనుకో. నాకు మాత్రం తెలీదా? రేపు కమిటీ ఉంది. ఈ రెండు కుర్చీల క్లాసులు ఉంచాలా తీసేయాలా అని తేలేది రేపే. నీ ఉద్యోగం ఖాయమయ్యేదీ రేపే. ఆ కమిటీకి పెద్ద ఎవరు? మీ బావగారు. పొద్దున ఫోన్ చేశారు. ఈ కాగితం తన చేతికొస్తే అన్ని క్లాసులూ ఉంచమని తానే ప్రతిపాదిస్తానన్నారు. ఇంతకంటే ఏం కావాలి?”

“రాకపోతే?”

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఎందుకమ్మా ఆ మాటలు.”

“పొడుగబ్బాయి సంగతేంటి సార్?”

“వాడి మీద ఫిర్యాదు రాసేశారు. గురువుని అవమానించాడని. కాగితంలో తప్పు చదివాడని కూడా ఉంటే ఈ ఏడు పోతుంది వాడికి. కుర్రాడేగా, మళ్ళీ చదువుకుంటాడు.”

అవతల గదిలో నర్సింగ్ పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాఠం వింటున్నారు. మొన్నటివారం వాళ్ళలో ఓ పిల్ల ఆసుపత్రిలో ఓ ఓడ కార్మికుడి మంచం దగ్గర కూర్చుని ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని అతని భాషలోనే అడిగింది. చేరిన దగ్గర్నుంచి సైగలతో నెట్టుకొస్తున్న ఆ మనిషి చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశాడు. ఆ పిల్ల తిరిగొచ్చి “మేడం, నేను అడిగింది అతనికి అర్థమైంది” అని అదేదో లోకంలో జరగని వింతలా చెప్పింది. కాగితం మీద సంతకం పెడితే ఆ పిల్ల క్లాసు బతుకుతుంది. చిన్నకోడలికి ఆ ఆలోచన వచ్చింది. రాలేదంటే అబద్ధం.

“ఒక్క ఆనకట్ట కోసం నాలుగు క్లాసులు ముంచకు” అన్నారు డైరెక్టరుగారు.

“రేపటిదాకా ఆలోచించుకోనివ్వండి.”

“కాగితం తీసుకెళ్ళు. ఆలోచన దాని పక్కనే కూర్చుని చెయ్యి.”

మెట్ల దగ్గర పొడుగబ్బాయి కాచుకుని ఉన్నాడు. ఎప్పుడూ వంగి నడిచేవాడు ఇంకాస్త వంగి ఉన్నాడు.

“మేడం, సార్ నన్ను క్లాసుకు రావొద్దన్నారు.”

“తెలుసు.”

“నేను తప్పు చదివానని రాసిస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారట. రాసివ్వనా?”

“నీకేమనిపిస్తోంది?”

“నేనసలు చదవలేదు కదా మేడం. చదివినవాళ్ళు చెప్తే అడిగాను.” అతను అటూ ఇటూ చూశాడు. “తన పేరు నేను చెప్పను. మీరు కంగారుపడకండి.”

ఆ మాటకు ఆమెకు ధైర్యం రావాలి. సిగ్గేసింది.

*

చిన్నకోడలి భర్త ప్రింటింగు ప్రెస్సు వెనకవీధిలోనే. మిషను తిరుగుతున్నప్పుడు అందులో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. ఆ కారణంగా మొగుడూ పెళ్ళాం అక్కడ ఎప్పుడూ పోట్లాడుకోలేదు. ఆ రోజు ఆమె వెళ్ళి స్విచ్చి కట్టేసింది.

“ఏంటది? సగంలో ఉంది ఫారం” అన్నాడతను.

“ఏం అచ్చేస్తున్నావు?”

అడగక్కర్లేదు. బల్ల మీద ఆరబెట్టిన తావుల్లో బావగారి పుస్తకం కొత్త కూర్పు. పైనున్నది ఏడో పాఠమే. కనీవినీ ఎరగని వాన, ఇంకా సిరా తడి ఆరలేదు.

“ఇది రేపటిదాకా ఆపు” అంది.

“అన్నయ్య చెప్పాడా?”

“నేను చెప్తున్నాను.”

అతను గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. ఆ గుడ్డతో తుడుచుకుంటే ఉన్న సిరాకి తోడు ఇంకాస్త అంటుతుంది, అయినా అదే గుడ్డ.

“అన్నయ్య మాట కాదని ఈ మిషను ఒక్క పూట ఆగలేదు. ఈ ప్రెస్సు పెట్టించిందే అన్నయ్య. నీ ఉద్యోగం ఇప్పించిందీ అన్నయ్యే. అది మర్చిపోయి క్లాసులో నలుగురి ముందు పరువు తీశావు.”

“స్పానిష్ నేర్పడానికని ఇప్పించారు. అబద్ధాలాడటానికని అప్పుడే చెప్పి ఉంటే చేరేదాన్ని కాదు.”

“పెద్ద సత్యవంతురాలివి. అందరం అబద్ధాల కోరులమా?”

“నువ్వు ఏడో పాఠం చదివావా?”

“నేను అచ్చేస్తాను. చదవను.”

“చదివి చూడు. నీళ్ళు పెరుగుతుంటే కట్ట మీద ఏం చెయ్యాలో ఇందులో ఒక్క ముక్క లేదు. ఇంకా ఎత్తు కట్టండి అని ఉంది, అంతే. రేపు ఈ పిల్లలే వెళ్ళి గేట్ల దగ్గర నిలబడతారు.”

“అవన్నీ అన్నయ్యకు తెలీవా? నీకే తెలుసా? నీకు వచ్చింది భాష. ఇంజనీరింగు కాదు.”

“భాషే. అందుకే భాష గురించే చెప్పాను.”

అతను మిషను వైపు తిరిగాడు. కోపమొచ్చినప్పుడు ఈ అన్నదమ్ములిద్దరిదీ ఒకటే తంతు, నోటికి తాళం వేస్తారు. ఆమె కాసేపు నిలబడింది. ఏదో ఒకటి అంటాడేమో, తిట్టినా ఫర్వాలేదు అనుకుంది. అతను తావుల దొంతర అంచులు సర్ది, వంగి, స్విచ్చి వేశాడు.

మిషను చప్పుడులో ఆమె ఇంకేదో అంది. అతనికి వినబడలేదు. ‘ఏంటి’ అని అడగనూ లేదు.

*

సాయంత్రం హాల్లో అందరూ ఉన్నారు. టీవీ కట్టేసి ఉంది. పెద్దకోడలు టీ తెచ్చింది. భర్తకొకటి, మరిదికొకటి, తనకొకటి. చిన్నకోడలి ముందు టీపాయ్ మీద కప్పు లేదు, కాగితం ఉంది.

“కూర్చో అమ్మా” అన్నారు బావగారు.

ఇన్నేళ్ళలో ఆయన ఎదుట ఆమె హాల్లో కూర్చోలేదు. ఆయన కూర్చోమన్నదీ లేదు. ఈసారి కూర్చుంది. పెద్దకోడలు కళ్ళతోనే అక్షింతలు వేసింది.

“ఆలోచిస్తానన్నావట. అందులో ఆలోచించడానికేముంది?”

“అందులో ఉన్నది నిజం కాదు బావగారూ.”

“నేను నిజం గురించి అడగటం లేదు. మర్యాద గురించి అడుగుతున్నాను.”

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“ఒక్క మనిషి వాంగ్మూలం పట్టుకుని పాఠం మార్చలేం అని మీరు అని ఉంటే నేను నోరు మెదిపేదాన్ని కాదు. అది మీ కుర్చీ పని. మీరు చదవడమే తప్పన్నారు. అది నా కుర్చీ పని. పైగా నన్నే అడిగారు.”

“నిన్నెందుకు అడిగాను? నువ్వు నా మనిషివని. బయటి మేడం అయితే అడిగేవాణ్ణా?”

“ఆయన నమ్మకానికి ఇదా నువ్విచ్చేది?” అంది పెద్దకోడలు.

“నువ్వుండు” అన్నారు బావగారు. నిన్నటి నుంచి భార్యతో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. పెద్దకోడలు తలొంచుకుని చెంచాతో టీ తిప్పింది, అందులో చక్కెర ఎప్పుడో కరిగిపోయినా.

బావగారు ముందుకు వంగారు. “ఆ పుస్తకం చదివి ఎంతమంది ఇంజనీర్లయ్యారో తెలుసా నీకు? ఎన్ని కట్టల మీద పని చేస్తున్నారో? వాళ్ళందరికీ నేను తప్పు చెప్పానని ఇప్పుడు చాటింపు వేయించమంటావా?”

“వాళ్ళల్లో ఒక్కడు రేపు నీళ్ళు చూస్తూ ఫోను పట్టుకుని నిలబడితే ఏం చేస్తాడు బావగారూ? ఆగుతాడు. ఆగకూడదని వాడికెవరూ చెప్పలేదు.”

ఆయన మొహంలో ఏదో మారింది. కోపం పోయి, దాని వెనక ఉన్న మనిషి ఒక్క క్షణం బయటికొచ్చాడు. వయసు మీదపడ్డ, రెండు రోజులుగా తిండి లేని మనిషి. చిన్నకోడలికి జాలేసింది. ఆ క్షణంలో ఆయన ‘ఏం చెయ్యమంటావమ్మా’ అని ఉంటే కథ ఇంకోలా ఉండేది. ఆయన అనలేదు. వెనక్కి వాలారు. కోపం తిరిగొచ్చింది.

“సరే, ఇంకో సంగతి అడుగుతాను. ఆ పొడుగువాడి స్పానిష్ మార్కులు తెప్పించుకుని చూశాను. అత్తెసరు. విచారణ రిపోర్టు చదివే మొహం కాదు వాడిది. ఎవరో చదివి వాడి చేతిలో పెట్టారు. ఎవరు?”

ఆమె కళ్ళు పక్కగది తలుపు వైపు వెళ్ళి తిరిగొచ్చాయి.

“క్లాసులో వచ్చింది కాదిది. ముందే అనుకుని చేసింది. వాడి చేత అడిగించి, నా చేత నిన్ను అడిగించుకుని, నన్ను బోనులో నిలబెట్టారు. చదివిపెట్టింది నువ్వే కదూ?”

“కాదు.”

“మరెవరు?”

గుమ్మం దగ్గర నిలబడ్డ భర్త ఆమె వైపు చూశాడు. “చెప్పెయ్. నువ్వు కాకపోతే కాదని చెప్పి ఎవరో చెప్పెయ్. అక్కడితో పోతుంది” అన్నాడు. గొంతులో కోపం కాదు, బతిమాలడం ఉంది. అది ఇంకా కష్టంగా ఉంది.

ఒక్క పేరు. ఒక్క పేరు చెప్తే కుట్ర చేసిన మరదలు అన్న మాట పోతుంది. కమిటీ ముందు తలెత్తుకుని కూర్చోవచ్చు. ఆ పేరు గల పిల్ల పక్కగది తలుపు వెనక నిలబడి ఉందని, కింద సందులో పాదాల నీడ కనబడుతోందని ఆమెకు తెలుసు.

“నాకు చెప్పాలని లేదు” అంది.

“అయితే చూసినవాళ్ళే చెప్తారు. అమ్మాయ్, ఇలా రా.”

టముకు వచ్చింది. గోడ పక్కన నిలబడింది.

“క్లాసులో ఉన్నావుగా నువ్వు. మీవాళ్ళలో ఏం జరుగుతోందో నీకు తెలీకుండా ఉండదు. వాడికి అది చదివిపెట్టింది ఎవరు?”

టముకు తండ్రి కేసి చూసింది. తర్వాత తల్లి కేసి, తల్లి చేతిలో ఆగిపోయిన చెంచా కేసి చూసింది.

“పిన్ని” అంది.

“గట్టిగా చెప్పు.”

“పిన్నే చదివిపెట్టింది నాన్నా. క్లాసులో అడిగించమంది.”

పెద్దకోడలు కప్పు కింద పెట్టింది. చిన్నకోడలి భర్త మొహం పక్కకు తిప్పుకున్నాడు. చిన్నకోడలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక టముకు కేసి తిరిగింది. మేడ మీద గదిలో తన భుజానికి ఆనుకుని వేలితో వాక్యాలు దాటిన పిల్ల ఈ పిల్లేనా అని చూసింది.

ఆమె లేచి నిలబడలేదు, అరవలేదు. స్పానిష్‌లో అడిగింది, మామూలు గొంతుతో, క్లాసులో అడిగినట్టే.

“నా వైపు చూసి చెప్పు. ఆ కాగితాలు చదివింది ఎవరు?”

టముకు తలెత్తింది. జవాబు కూడా స్పానిష్‌లోనే వచ్చింది. ఎక్కడా తడుముకోలేదు. ఆ పిల్ల అంత బాగా మాట్లాడగా పిన్ని ఎప్పుడూ వినలేదు.

“నేనే చదివాను పిన్నీ. నాన్నకు తెలిస్తే అమ్మతో మాట్లాడటం మానేసినట్టు నాతోనూ మానేస్తాడు. నేను తట్టుకోలేను. చెప్పొద్దు.”

“ఏంటి, ఏం మాట్లాడుకుంటున్నారు?” అంది పెద్దకోడలు.

“ఏమంది?” అన్నారు బావగారు. ఆయన అడిగింది కూతుర్ని కాదు, చిన్నకోడలిని.

ఎవరి మాట ఎవరికి చేరవేసినా, అన్నది అన్నట్టు చేరవేయడం ఒక్కటే ఆమె నేర్చుకున్న విద్య. ఓడ కార్మికుడిదైనా, ఎక్కడో దూరదేశపు ఇంజనీరుదైనా ఒక్క మాట మార్చి చెప్పి ఎరగదు. పొద్దుట్నుంచి ఇంటిల్లిపాదితో, ఆఫీసుతో ఆమె తలపడుతున్నది దానికోసమే.

“నేనడిగింది వినబడలేదా? ఏమంది నా కూతురు?”

“మళ్ళీ అదే అంది బావగారూ” అంది చిన్నకోడలు. “నేనే చదివిపెట్టానంది.”

“విన్నారా” అంది పెద్దకోడలు, ఎవరితోనో తెలీకుండా.

బావగారు గట్టిగా ఊపిరి వదిలారు. గెలిచినవాడి మొహంలా లేదు గానీ, బరువు దిగినవాడి మొహంలా ఉంది. జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి, కాగితం మీద పెట్టి, రెండూ కలిపి ఆమె ముందుకు జరిపారు.

“ఇంకేముంది మరి. సంతకం పెట్టు. మిగతాది నేను చూసుకుంటాను.”

చిన్నకోడలు కాగితం వైపు చూసింది. తన నోట ఒక అబద్ధం వచ్చేసింది. రేపు కమిటీలో కూర్చుని ఆ కుర్రాడు సరిగ్గానే చదివాడంటే ఎవరు నమ్ముతారు? ముందే అనుకుని చేశానని ఇప్పుడే ఒప్పుకుంది కదా. ఆమె చెయ్యి చాచింది. పెన్ను అందుకోవడానికో, కాగితం పక్కకు నెట్టడానికో ఆమెకే తేలలేదు.

ఆమె చెయ్యి చేరేలోపు పెన్ను అక్కడ లేదు. టముకు గోడ పక్క నుంచి ఎప్పుడు వచ్చిందో, పెన్ను రెండు చేతులతో గుండెకు అదిమి పట్టుకుని తండ్రి ముందు నిలబడి ఉంది.

“నాన్నా” అంది. “నేనన్నది పిన్ని నీకు చెప్పలేదు.”